తిమ్మన్న బొమ్మ, రాజన్న మొక్కు

ఫ్లాటు చూడటానికి వచ్చేవాళ్ళు ఏసీ ఎట్లా పనిచేస్తుంది, పార్కింగ్ దొరుకుతుందా, బొద్దింకలున్నాయా అని అడుగుతారు. దుబాయ్ పక్కనే ఉన్న అల్ నహ్దాలో నేను కాపలా ఉండే ఈ బిల్డింగులో కిటికీ ఏ దిక్కుకు ఉందని అడిగిన మనిషి తిమొఫేయ్ ఒక్కడే. నమాజు చేసే మనిషేమో అనుకుని సంతోషంగా ఖిబ్లా ఎటో చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఫోనులో దిక్కు చూసుకుని, ఉత్తరానికి చెయ్యి చాపాడు. ఆ ఫ్లాటులో ఉత్తరం వైపు ఉన్నది వంటింటి గోడ. ఆయన ముఖం చిన్నబోయింది. అయినా అక్కడే దిగాడు. ఆ ఫ్లాటు ఆయన ఎంచుకున్నది కాదు, పనిచేసే వర్క్‌షాపు వాళ్ళు ఇచ్చింది.

అది రెండువేల ఇరవై రెండో సంవత్సరం చలికాలం. ఆయనకు అప్పటికే యాభై దాటాయి. పొడుగాటి మనిషి, వంగిన భుజాలు, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు. రష్యావాడని అందరూ రూసీ సాబ్ అనేవాళ్ళు. ఆయనకు ఆ సాబ్ అనే మాట నచ్చేది కాదు. పేరు పెట్టి పిలవమన్నాడు. తరువాత రోజుల్లో మన తెలంగాణ మనిషి ఒకతను ఆ పేరును తిమ్మన్న చేశాడు. దానికి మాత్రం ఆయన వెంటనే పలికేవాడు.

ఆయన కథ నాకు ఒక్కరోజులో తెలియలేదు. ఆయనకు వచ్చిన నాలుగు ముక్కల హిందీ, నాకు వచ్చిన నాలుగు ముక్కల ఇంగ్లీషు కలిపి, టీ గ్లాసుల మధ్య ముక్కలుముక్కలుగా తెలిసింది. వోల్గా నది ఒడ్డున చిన్న ఊరు. తండ్రి బట్టల మిల్లులో బోర్డులు రాసేవాడు. డబ్బాల్లో అడుగున మిగిలిన రంగు ఇంటికి తెచ్చేవాడు. ఆ మిగిలిన రంగులతో పిల్లవాడు తలుపుల మీద, పీటల మీద బొమ్మలు వేసేవాడు. తరువాత పీటర్స్‌బర్గ్ లో పెద్ద చదువు. అక్కడ ఏళ్ళ తరబడి ప్లాస్టరు తలలు గీయించారట, ఆ తరువాతే బతికున్న మనిషిని ముందు కూర్చోబెట్టారట. ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా ఒక్క గీత గీసినా గురువు వచ్చి చెరిపేసేవాడట.

చదువయ్యాక ఆయన వేసినవన్నీ మామూలు మనుషులే. చేపలమ్మే ఆడవాళ్ళు, రైలు పట్టాల మీద మంచు తోసే కూలీలు, ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న ముసలాయన. ఫోనులో చూపిస్తే నాకు మా రాయచోటి బస్టాండులో కూర్చున్నవాళ్ళలాగే కనిపించారు, కోట్లు మాత్రం లావు. కానీ అక్కడ పెద్ద నగరాల్లో అటువంటి బొమ్మలు పాతబడిపోయాయట. ఉన్నది ఉన్నట్టు వేయడానికి కెమెరా ఉంది కదా, నువ్వెందుకు అన్నారట. ఊళ్ళో పిల్లలకు డ్రాయింగు నేర్పుతూ బతికాడు. కోవిడ్ మొదటి ఏడు భార్య పోయింది. తరువాత యుద్ధం వచ్చి, ఆయన పాఠాలు చెప్పే బడి కూడా మూతపడింది. అప్పుడు పాత శిష్యుడొకడు దుబాయ్ నుంచి ఫోను చేసి రమ్మన్నాడు.

ఆ శిష్యుడు దెనీస్. ఇక్కడ పెద్ద వర్క్‌షాపు పెట్టాడు. డబ్బున్నవాళ్ళు ఫోనులో ఫోటో పంపిస్తారు, వీళ్ళు దాన్ని చూసి పెద్ద గుడ్డ మీద రంగుల్లో వేసి బంగారు రంగు ఫ్రేములో బిగించి ఇస్తారు. తిమొఫేయ్ వీసా దెనీస్ పేరు మీదే ఉంది, అంటే ఒకప్పటి శిష్యుడు ఇప్పుడు వీసాకు పూచీ ఉండే కఫీల్. దెనీస్ చెడ్డవాడని నేను అనను. గురువుకు జ్వరం వస్తే తానే వచ్చి సూపు పెట్టి వెళ్ళేవాడు. బండి దగ్గర ముందుగా గురువుకే తలుపు తీసేవాడు. కానీ వర్క్‌షాపులో మాత్రం, గడ్డం కింద కండ తగ్గించండి, కళ్ళ కింద ముడతలు తీసేయండి, వెనక ఒక గుర్రం పెట్టండి అని చెప్పేవాడు. తిమొఫేయ్ పెట్టేవాడు. సాయంత్రం వచ్చి నా గదిలో కూర్చుని, ఈ రోజు కూడా గుర్రం అనేవాడు. నేను టీ పోసేవాణ్ణి. అంతకన్నా నాకు చేతనయ్యేది ఏముంది?

ఇరవై నాలుగో సంవత్సరం ఏప్రిల్‌లో ఆ వాన పడింది. ఇక్కడివాళ్ళెవరూ మరిచిపోలేని వాన. మా వీధి చెరువైపోయింది, కరెంటు పోయింది, లిఫ్టు ఆగిపోయింది, పై అంతస్తుల్లో పిల్లలు, ముసలివాళ్ళు తాగే నీళ్ళు లేక ఇబ్బంది పడ్డారు. అప్పుడు పక్క కట్టడంలో పనిచేసే కూలీలు కొందరు, ఎవరూ పిలవకుండానే, నడుం లోతు నీళ్ళలో నీళ్ళ క్యాన్లు భుజాన మోసుకుంటూ వచ్చారు. వాళ్ళలో రాజలింగం ఒకడు. వేములవాడ దగ్గర పల్లె. పరంజి కట్టే పని. నలభై ఐదేళ్ళ వయసు ఉంటుంది, దట్టమైన ఉంగరాల జుట్టు, పెద్ద మీసం. ఎన్నిసార్లు మెట్లెక్కి దిగాడో దేవుడికే తెలుసు. చివరకు మా మెట్ల మలుపులో ఖాళీ క్యాను బోర్లేసి దాని మీద కూర్చుని, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. జుట్టులో సిమెంటు, బురద.

తిమొఫేయ్ పై మెట్టు మీద నిలబడి అతన్ని చూశాడు. ఆయన ముఖం అట్లా వెలగడం నేను అంతకుముందు చూడలేదు. లోపలికెళ్ళి కాగితం, పెన్సిల్ తెచ్చి, వచ్చేపోయేవాళ్ళు తగులుతున్నా కదలకుండా గీశాడు. రాజలింగం లేచేసరికి ఎదురుగా ఒక తెల్లాయన తన బొమ్మ పట్టుకుని ఉన్నాడు. సిగ్గుపడి, మంచిగున్నది సార్ అని వెళ్ళిపోయాడు.

ఆ బొమ్మను పెద్దగా, రంగుల్లో, మనిషిని ఎదురుగా పెట్టుకుని వేయాలన్నది తిమొఫేయ్ పట్టుదల. ఈ దేశానికి వచ్చాక తన కోసం వేసుకునే మొదటి బొమ్మ అన్నాడు. దానికి ఉత్తరం కిటికీ కావాలి. ఎండ నేరుగా పడకూడదు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెలుతురు ఒకేలా ఉండాలి. డాబా మీద ట్యాంకుల పక్కన పాత సామాను గది ఉంది, దానికి ఉత్తరం వైపు కిటికీ ఉంది. బిల్డింగు వ్యవహారాలు చూసే మా మలయాళీ ముదీర్‌ను బతిమాలాను. పొయ్యి వెలిగించకుండా ఉంటే సరే అన్నాడు.

ఆ గదిలో నేను నమాజు చేసుకునేవాణ్ణి. ఎదురుగా మనిషి బొమ్మ పెట్టుకుని నమాజు చేయడం మాకు పనికిరాదు. ఆ మాట ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియక రెండు రోజులు నలిగాను. మా ఇంటామె సర్వర్ బేగం ఊరి నుంచి ఫోనులో, బొమ్మలేసే మనిషికి నీ చాప పరిచే చోటే దొరికిందా అని దెప్పింది కూడా. చివరకు చెప్పాను. ఆ రోజు నుంచి అజాన్ వినబడగానే తిమొఫేయ్ బ్రష్షు పక్కన పెట్టి, బొమ్మను గోడకు తిప్పి, బయట ట్యాంకు నీడలో నిలబడేవాడు. నేను ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు.

ఎండలు తగ్గాక, అక్టోబరులో, ఆదివారాలు కూర్చోవడానికి రాజలింగం ఒప్పుకున్నాడు. వారమంతా పరంజి మీద, ఉన్న ఒక్క సెలవు రోజు క్యాను మీద. ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే, గాయన నన్ను నిద్రల గూడ గౌరవంగ జూసిండన్న అన్నాడు.

మొదటి ఆదివారం అతను వచ్చిన తీరు ఇప్పటికీ కళ్ళముందుంది. జుట్టుకు నల్లరంగు వేసి పాపిడి తీశాడు. మీసం కొనలు కత్తిరించాడు. ముఖానికి పౌడరు. లేబర్ క్యాంపులో తన గదిలోనే ఉండే మల్లేశ్ పెళ్ళికి దాచుకున్న తెల్లచొక్కా అరువు తెచ్చుకుని ఇస్త్రీ చేసి తొడుక్కున్నాడు. పైగా నల్లకళ్ళద్దాలు. తిమొఫేయ్ అతన్ని చూసి, తలుపు వైపు చూశాడు, అసలు మనిషి వెనక వస్తున్నాడేమో అన్నట్టు. తరువాత క్యాను మీద తానే కూర్చుండిపోయాడు.

"ఏందన్నా, గట్ల మొఖం మాడ్చుకున్నడు?" అని రాజలింగం నన్ను అడిగాడు.

"నువ్వు పనిలో ఉన్నట్టే రావాల్నంట లింగన్నా. ఆ వాన దినం ఉన్నట్టు."

"సిమెంటు మొఖంతోని బొమ్మ దిగుతరా ఎవలన్న? రేపు మా చంద్రవ్వ జూస్తే, నా మొగడు గింత గతిలేనోడయ్యిండా అని ఏడ్వదా?"

అతని మాటలోనూ న్యాయముంది. మా ఊళ్ళలో ఫోటో దిగడమంటే స్నానం చేసి, ఉన్నంతలో మంచిది కట్టుకుని దిగడం. పనిబట్టలతో దిగితే ఫోటో తీసినవాణ్ణి కూడా తిడతారు. ఆ సంగతి తిమొఫేయ్‌కు చెప్పాను. ఆయన అర్థం చేసుకున్నాడు కానీ, నల్లరంగును ఏం చేయగలడు? బూటు పాలిష్ లాంటి ఆ నలుపు వదిలి, చెవుల పక్కన నెరసిన వెంట్రుకలు మళ్ళీ బయటపడేదాకా తల జోలికి పోనన్నాడు. ఆ చలికాలంలో సగం ఆ రంగు వదలడానికే పోయింది. ఆలోగా చేతులు వేశాడు, పాదాలు వేశాడు, చొక్కా వేశాడు.

చొక్కాతోనూ తంటాయే. జేబు ఒకవైపు ఊడి వేలాడుతూ ఉండేది. ఆ వేలాడే జేబు వేయడానికి ఆయన ఒక ఆదివారమంతా పట్టాడు. మరుసటి వారం రాజలింగం వచ్చేసరికి జేబు చక్కగా కుట్టి ఉంది. పాపం, మల్లేశ్ కుట్టిపెట్టాడట, రష్యావాడి ముందు మన పరువెందుకు పోవాలని. తిమొఫేయ్ క్షమించమని రాజలింగాన్ని అడిగి, బ్లేడుతో ఒక్కొక్క కుట్టే విప్పాడు. రాజలింగం కడుపుబ్బ నవ్వాడు. "అన్నా, బట్టలు సింపుకునుడే గీయన కొల్వు" అన్నాడు.

ఒక ఆదివారం ఓవర్‌టైం పడేది. ఒక ఆదివారం పొద్దున్నే మంచు పట్టి మధ్యాహ్నం దాకా వెలుతురు ఉండేది కాదు. మరో ఆదివారం దుమ్ముగాలి వచ్చి తడి రంగు మీద ఇసుక అంటుకునేది. బొమ్మ ముందుకు పోయినట్టే పోయి వెనక్కి వచ్చేది, ఎందుకంటే నచ్చనిదాన్ని తిమొఫేయ్ కత్తితో గీరేసేవాడు. నాకు ప్రాణం ఉసూరుమనేది. అయినా వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎట్లా చూసుకునేవాళ్ళో చూస్తే మనసు కుదుటపడేది. రాజలింగం క్యాంపులో ఆదివారం వండిన కోడికూర డబ్బాలో తెచ్చేవాడు, ఎముక లేని ముక్కలు ఏరి ఆయనకు పెట్టేవాడు. తిమొఫేయ్ మధ్యమధ్యలో బ్రష్షు దించి, అతని మోకాళ్ళకు తానే మందు రాసేవాడు.

జనవరికి తల తప్ప అన్నీ కుదిరాయి. తల కూడా ముప్పాతిక వంతు వచ్చింది. జుట్టు మాత్రం ఆయనకు లొంగలేదు. ఆ ఉంగరాల్లో దుమ్ము ఎక్కడ మొదలై నెరసిన తెలుపు ఎక్కడ ఆగుతుందో అందడం లేదన్నాడు. అప్పుడే దెనీస్ ఒకరోజు పైకి వచ్చి, బొమ్మను ఫోనులో ఫోటో తీసుకుని, దుబాయ్‌లో బొమ్మల ప్రదర్శనశాల నడిపే ఒకావిడకు చూపించాడు. ఆమెకు నచ్చింది. రంజాన్ పండుగ తరువాత పెట్టే ప్రదర్శనలో దీన్ని వేలాడదీస్తానంది. నలుగురూ మెచ్చుకుంటే ఆయన వీసా తన పేరు మీదికి మార్చుకుంటాననీ, ఇట్లాంటివే వేసుకోవచ్చనీ చెప్పింది. ఇక ఫోటోలు ఉండవు, గుర్రాలు ఉండవు.

తిమొఫేయ్ నోట అన్ని మాటలు ఆ రోజుకు ముందు నేను ఎప్పుడూ వినలేదు. చెబుతూనే ఉన్నాడు. రాజలింగం క్యాను మీద కదలకుండా కూర్చుని, నేను తెలుగులో చెప్పినదంతా విన్నాడు.

ఫిబ్రవరిలో రాజలింగానికి ఊరు పోవడానికి సెలవు దొరికింది. రెండేళ్ళ తరువాత వచ్చిన సెలవు, వద్దని ఎవరంటారు? తిమొఫేయ్ అప్పటిదాకా వేసిన జుట్టును గీరేసి, నువ్వు వచ్చాక మొదటి నుంచి వేస్తానన్నాడు. రంగు వేయొద్దు, కటింగ్ చేయించొద్దు అని రెండుసార్లు చెప్పించాడు. రాజలింగం నా చేతిలో చెయ్యి వేసి, కటింగ్ చేపియ్యనన్నా, ఒట్టు అన్నాడు.

రంజాన్ నెల మొదట్లో అతను తిరిగి వచ్చాడు. ఆదివారం పొద్దున్నే తిమొఫేయ్ రంగులన్నీ కలుపుకుని సిద్ధంగా ఉన్నాడు. రాజలింగం తలకు మఫ్లరు చుట్టుకుని నవ్వుతూ వచ్చాడు. మీసం లేదు. అతను మఫ్లరు తీశాడు. నున్నటి గుండు.

"ఎవురన్నా పోయినారా లింగన్నా ఇంట్లో?" అని అడిగాను.

"ఎవల్ పోలే. శివరాత్రికి మా వేములవాడ రాజన్న కాడ మొక్కు దీర్చుకున్న."

"ఏం మొక్కు?"

"తిమ్మన్న బొమ్మ మంచిగ ఒడువాలె అని. గా గుర్రాల కొల్వు ఇడిసిపోవాలె అని. గుళ్ళె కోడెను గట్టిన, తలెంట్కలు ముందుగాలనే ఇచ్చిన. నాకోసం ఏం అడుగలేదన్నా."

"కోడెను కట్టినావు కదా, అది చాలదా? ఎంటికలు తీయొద్దని చెప్పినాడు కదప్పా" అన్నాను.

"కటింగొద్దన్నడు. దేవునికిచ్చుడు కటింగా అన్నా?" అన్నాడు రాజలింగం. అతని నవ్వు అప్పుడే కొంచెం తగ్గింది.

తిమొఫేయ్ నా వైపు చూశాడు. నేను చెప్పాను. ఆయన చాలాసేపు ఆ గుండునే చూశాడు. ఆ తరువాత, నేను అడగలేదు అన్నాడు. నేనెప్పుడు అడిగాను, నీ దేవుడొచ్చి ఈ బొమ్మ పూర్తి చేస్తాడా అన్నాడు. మొదటి మాట రాజలింగానికి చెప్పాను. రెండో మాట నా దగ్గరే ఉంచుకున్నాను. అయినా గొంతు విని అతనికి అర్థమయ్యే ఉంటుంది. మఫ్లరు చుట్టుకుని కిందికి దిగిపోయాడు.

ఆ తరువాత అందరూ చెప్పింది ఒకటే. నా ఫోనులో రాజలింగం ఫోటోలు బోలెడున్నాయి, మల్లేశ్ ఫోనులో ఇంకా ఎక్కువ. వాటిని చూసి జుట్టు, మీసం వేసేస్తే అయిపోతుంది. దెనీస్ అయితే, గురువుగారూ, రోజూ మీరు చేసే పనే కదా, అరపూట పని అన్నాడు. తిమొఫేయ్ వద్దన్నాడు. నేను కూడా విసిగిపోయి, ఒక్కసారికి ఫోటో చూస్తే ఏమవుతుందని అడిగేశాను. ఆయన కోప్పడలేదు. భార్య బొమ్మ కూడా ఆయన దగ్గర సగంలోనే ఉందట. ఆమె పోయాక అందరూ ఫోటోలు తెచ్చి ఇచ్చారట, పూర్తి చేయమని. కూర్చున్నాడట. ఫోటోలో ఆమె ఉంది కానీ నా వైపు చూడటం లేదు, కెమెరా వైపు చూస్తోంది అన్నాడు.

అయినా నాకు కోపం తగ్గలేదు. ఆయన మీద కోపం, రాజలింగం మీద కోపం. ఒకరు ఇంత భక్తితో చేయకుండా ఉండాల్సింది, ఒకరు ఇంత నిష్ఠగా ఉండకుండా ఉండాల్సింది. ఉపవాసంతో ఎవరి మీదా కోపం పెట్టుకోకూడదని ఎంత చెప్పుకున్నా మనసు వినేది కాదు. రంజాన్ రాత్రుల్లో చేసే తరావీ నమాజు తరువాత, యా అల్లా, ఆ మనిషికి తొందరగా జుట్టు మొలిపించు అని దువా చేశాను. చేసి, ఇదేం దువా అని నాకే సిగ్గేసింది.

రెండు వారాలు గడిచాయి. ప్రదర్శన దగ్గర పడింది. ఒక సాయంత్రం తిమొఫేయ్ నా దగ్గరికి వచ్చి, ఆదివారం రాజలింగాన్ని పొద్దున్నే రమ్మను, రోజంతా కావాలి అన్నాడు. నేనే క్యాంపుకు వెళ్ళి పిలిచాను. అతను మొదట రానన్నాడు. తరువాత, పనిబట్టలు ఏసుకోవాల్నా అని అడిగాడు.

ఆ ఆదివారం తిమొఫేయ్ కత్తి తీసుకుని తలను, ముఖాన్ని మొత్తం గీరేశాడు. అన్ని నెలల పని రంగు పొట్టుగా రాలి నేల మీద పడింది. రాజలింగం అయ్యో అని లేవబోతే, హిలో మత్, కదలకు అన్నాడు. ఉన్న తలనే వేస్తాడట. అదీ ఆ ఒక్క రోజులోనే అవ్వాలట, ఎందుకంటే వచ్చే వారానికి వెంట్రుకలు ఇంకాస్త పెరిగి అది ఇంకో తల అయిపోతుంది.

పొద్దుగూకే దాకా వేశాడు. నా ఉపవాసం కోసం ఇద్దరూ నా ముందు నీళ్ళు తాగలేదు. దాహమైతే ఒకరి తరువాత ఒకరు ట్యాంకు వెనక్కి వెళ్ళి తాగి, మూతి తుడుచుకుని వచ్చేవాళ్ళు. ఫరవాలేదని చెప్పినా వినలేదు.

వెలుతురు పోయేవేళకు నేను బొమ్మ ముందు నిలబడ్డాను. నుదుటి మీద హెల్మెట్ అంచు ఆనే చోట ఒక గీత. దానికి కింద ముఖం ఎండకు మాడి నల్లగా ఉంది. దానికి పైన, ఇన్నేళ్ళూ జుట్టు కింద దాగిన తల, పసిపిల్లవాడి ఒంటిలా లేతగా ఉంది. దాని మీద ఆవగింజల్లాంటి కొత్త మొలకలు. అది చూస్తే, ఈ మనిషి ఇక్కడ ఎన్నేళ్ళు ఎండలో నిలబడ్డాడో ఎవరూ చెప్పనక్కరలేదు. మంచి బొమ్మ. బొమ్మల సంగతి తెలియని నేను కూడా ఆ మాట ధైర్యంగా చెప్పగలను. రాజలింగం చూసి, "గిది నేనే" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ ఆ మాట అనలేదు.

పండుగ వెళ్ళాక దెనీస్ వ్యానులో బొమ్మ దుబాయ్ వెళ్ళింది. అదే రోజు తిరిగి వచ్చింది. ప్రదర్శనశాల ఆవిడ ఒప్పుకున్నది ఫోనులో చూసిన ఆ జుట్టు, మీసం ఉన్న మనిషిని. ఇతను ఆసుపత్రి నుంచి వచ్చిన రోగిలా ఉన్నాడనీ, ఇంట్లో తగిలించుకోవడానికి ఎవరూ ముందుకు రారనీ అందట. జుట్టు పెట్టి తెస్తే ఇంకో ప్రదర్శనకు చూద్దామందట. దెనీస్ ఆ మాట చెప్పడానికి పైకి రాలేక, బొమ్మతో పాటు ఒక ఖర్జూరాల పొట్లం నా చేతికిచ్చి, గురువుగారికి ఇవ్వు అని వెళ్ళిపోయాడు. తిమొఫేయ్ బొమ్మను మళ్ళీ డాబా గదిలో పెట్టాడు. మరునాడు పొద్దున్నే వర్క్‌షాపుకు వెళ్ళాడు. సాయంత్రం వచ్చి, ఈ రోజు రెండు గుర్రాలు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

రాజలింగం రావడం మానేశాడు. ఫోను చేస్తే తీయడు. మే నెలలో ఒకరోజు సైటు దగ్గర కనిపిస్తే పట్టుకున్నాను. జుట్టు అంగుళమంత పెరిగింది, మీసం కూడా వచ్చింది.

"ఏ మొఖం బెట్టుకొని రావాలన్నా? మొక్కిన, ఇచ్చిన. బొమ్మ ఒడిసిపోయింది, మొక్కు ఫలియ్యలే. నా ఎంట్కలే ఆయన కొంప ముంచినయ్" అన్నాడు.

అతన్ని ఓదార్చడం నా చేత కాలేదు. వచ్చి తిమొఫేయ్‌తో చెప్పాను. ఆయన విని ఆశ్చర్యపోయాడు. బొమ్మ అయిపోయిందని ఎవరు చెప్పారు, ఎడమ చెవి సరిగ్గా లేదు అన్నాడు. ఆ రోజు చీకటి పడిపోతోందని తొందరపడి వేశాడట. ప్రదర్శనకు పంపాడే గానీ అప్పటి నుంచీ ఆ చెవి ఆయన్ని నిద్రపోనివ్వడం లేదట. ఆమె తీసుకోకపోవడం వేరే సంగతి, చెవి వేరే సంగతి అన్నాడు. రాజలింగం ఒక్క ఆదివారం వస్తే చాలన్నాడు.

ఆ మాటే మోసుకెళ్ళి రాజలింగానికి చెప్పాను. అతను పరంజి గొట్టం కింద పెట్టాడు.

"అంటే బొమ్మ ఇంక ఒడువలేదంటవా అన్నా?"

"ఒడవలేదంట. చెవి బాకీ ఉండాదంట."

"మరి ఒడువకుంటే మొక్కు ఎట్ల తప్పుతది? ఇంక నడుస్తనే ఉన్నది గదా." సరే, ఐతారం వస్త అన్నాడు.

ఆదివారానికి డాబా మీద గది పెనంలా కాలుతోంది. ఉన్న ఒక్క ఫ్యాను వేడిగాలినే తిప్పుతోంది. రాజలింగం చిరిగిన జేబు చొక్కాతో, సిమెంటు కాళ్ళతో వచ్చాడు. తల మీది టోపీ తీశాడు. మళ్ళీ నున్నటి గుండు. మీసం కూడా లేదు. బొమ్మలో ఉన్నట్టే ఉండాలని ఆ పొద్దున్నే క్యాంపులో చేయించుకున్నాడట. దేవుడికి కాక, చావుకు కాక ఊరికే గుండు కొట్టించుకుంటే అరిష్టమని మల్లేశ్ వాళ్ళు తిట్టారట. చంద్రవ్వ వీడియో కాల్లో చూసి, నీకు పిచ్చి లేసిందా అని ఫోను పెట్టేసిందట. చెబుతూ అతను తిమొఫేయ్ ముఖంలోకే చూస్తున్నాడు.

తిమొఫేయ్ అతని చుట్టూ ఒకసారి తిరిగాడు. బొమ్మ దగ్గరికి వెళ్ళి చూశాడు, మళ్ళీ వచ్చి తల చూశాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"ఏమంటుండు?" అని రాజలింగం అడిగాడు.

నాకు చెప్పబుద్ధి కాలేదు. అయినా చెప్పక తప్పలేదు. "బొమ్మలో ఉండేది రెండు వారాలు పెరిగిన గుండంట లింగన్నా. ఇది మరీ నున్నగా ఉండాదంట."

రాజలింగం నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు. తలను రెండు చేతులతో ఒకసారి తడుముకున్నాడు. అతను లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళినా తప్పు పట్టేవాణ్ణి కాదు.

తిమొఫేయ్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, క్యాను మీద కూర్చోబెట్టి, ఫ్యానును అతని వైపు తిప్పాడు. చెవికి వెంట్రుకలతో పని లేదన్నాడు. ఈ రోజు చెవి వేద్దాం.

మధ్యాహ్నం దాటేదాకా వేశాడు. ఇద్దరి ఒళ్ళూ చెమటతో తడిసిపోయాయి. చివరకు ఆయన వెనక్కి జరిగి, తల ఒకవైపు వాల్చి చూసి, గుడ్డ తీసుకుని ఆ చెవిని తుడిచేశాడు. నేను తల పట్టుకున్నాను. రాజలింగం లేచి, మోకాళ్ళు సరిచేసుకుని, వచ్చి చూశాడు. బొమ్మలో అతని తలకు ఒక పక్క చెవి ఉంది, ఇంకో పక్క ఉత్త మరక ఉంది.

"పో తిమ్మన్నా, నువ్వొక్కనివి" అన్నాడు. "ఇంక రెండు ఐతారాలు ఆగు. ఎంట్కలు మొలుస్తయి, చెవు గూడ అప్పుడే చేద్దాం."

ఆ మాటను నేను హిందీలో చెప్పాను. తిమొఫేయ్ సరేనన్నాడు.